‘నాకు పదవి కావాలి’ అని ఆమె అంటే మనకెందుకు ఇబ్బంది?

(మండల విలేకరులకూ జర్నలిజం విద్యార్థులకూ జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వినిపిస్తోందా? సరే.

ముందుగా ఒక మాట అడుగుతాను. ‘యాంబిషన్’ అనే మాటకి తెలుగులో ఏం రాస్తారు మీరు? చెప్పండి. ఆశయం... లక్ష్యం... ఇంకా? పదవీకాంక్ష. అదిగో, ఆ మూల నుంచి ఎవరో ‘అత్యాశ’ అన్నారు. చాలా సంతోషం, నాకు కావలసింది అదే. ఒక్క మాట అడిగితే నాలుగు వచ్చాయి. రెండు మెచ్చుకునేవి, రెండు ముల్లు ఉన్నవి. వార్త రాసేటప్పుడు ఈ నాలుగింట్లో ఏది తీయాలన్నది మన చేతిలో పని. ఎవరు చేశారో చూసి తీస్తున్నామా, ఏం చేశారో చూసి తీస్తున్నామా? ఇవాళ మాట్లాడుకోబోయేది ఇదే.

మంత్రివర్గ విస్తరణ అనగానే మనం రాసే మాటలు గుర్తు తెచ్చుకోండి. మగ నాయకుడైతే ‘రేసులో ముందున్నారు’. రేసు అంటే పందెం, పందెంలో ముందుండటం గొప్పే కదా. అదే ఒక ఆవిడైతే ‘పదవి కోసం పట్టుబడుతున్నారు’, ‘పీఠంపై కన్నేశారు’. కన్నేయడం ఎవరు చేస్తారండీ? కోడిపిల్ల మీద గద్ద చేస్తుంది. ‘అలక’ మగ నాయకులకీ వాడతాం కదా అంటారు, నిజమే, వాడతాం. కానీ మగాయన అలిగితే వెంటనే రెండో వాక్యంలో ఆయన వెనక ఎంతమంది ఎమ్మెల్యేలున్నారో లెక్క వస్తుంది. ఆవిడ అలిగితే రెండో వాక్యంలో బుజ్జగింపు వస్తుంది.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మన జనం ఆడవాళ్లు పదవిలో ఉండటాన్ని కాదనరు. ఇచ్చారు అంటే సరే. వచ్చింది అంటే సరే. కోరింది అంటేనే మొహం మారుతుంది. ‘పార్టీ ఆదేశించింది, పోటీ చేశాను’ అంటే మంచి మనిషి. ‘నాకు కావాలనిపించింది, పోటీ చేశాను’ అంటే... చూశారా, మీలోనే ఇద్దరు నవ్వారు. ఎందుకు నవ్వారు?

ఈ నవ్వు మన ఊరిదే అనుకోకండి. 2010లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకిమోటో, బ్రెస్కాల్ అని ఇద్దరు ఒక ప్రయోగం అచ్చేశారు. లేని అభ్యర్థిని ఒకరిని కల్పించారు, రాష్ట్ర సెనేటర్. ఆ అభ్యర్థి పరిచయం ఒక కాగితం మీద రాసి జనానికి చదవమని ఇచ్చారు. కొందరికిచ్చిన కాగితంలో మగ పేరు, కొందరికిచ్చినదాంట్లో ఆడ పేరు. కొన్నింట్లో ఈ మనిషికి అధికారం అంటే గట్టి కోరిక ఉందనే మాట కలిపారు, కొన్నింట్లో కలపలేదు. తర్వాత, ఓటేస్తారా అని అడిగారు. మగ పేరున్న చోట ఆ మాట వల్ల ఓటు తగ్గలేదు. పైగా, గట్టివాడు, సమర్థుడు అనుకున్నారు. ఆడ పేరున్న చోట ఓటు తగ్గింది. అంతటితో ఆగలేదు, ఏవగింపు లాంటిది కూడా కనబడింది. ఆవిడకి జనం మీద ప్రేమ లేదు అనుకున్నారు. అధికారం కోరుకుందంటే ఎదుటివాళ్ల బాగోగులు పట్టించుకునే గుణం లేనట్టే అని లెక్క. మగవాడికి ఈ లెక్క వేయలేదు. ఇంకో సంగతి, ఆడవాళ్లూ ఇలాగే అనుకున్నారు, మగవాళ్లూ ఇలాగే అనుకున్నారు. కాబట్టి ‘మా పత్రికలో మహిళా సబ్ ఎడిటర్ ఉన్నారండీ’ అని మీరు నిశ్చింతగా ఉండటానికి లేదు.

అది కాగితం మీది మనిషి. నిజం మనుషుల సంగతి ఏమిటి? దానికి మన దేశమే ప్రయోగశాల అయింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకి. మన రెండు రాష్ట్రాల్లో దాన్ని సగం చేశారు. పశ్చిమ బెంగాల్‌లో 1998 ఎన్నికల నుంచి ప్రధాన్ పదవులకి, అంటే మన సర్పంచ్ లాంటి పదవికి, ఈ రిజర్వేషన్ పెట్టారు. ఏ పంచాయతీ మహిళకి వస్తుందన్నది ఒక వరస ప్రకారం చీటీ తీసినట్టు పోయింది. ఇక్కడ కొంచెం ఆగి వినండి, ఇది ముఖ్యం. మంచి ఊరని ఆడవాళ్లకిచ్చారు, చెడ్డ ఊరని ఇవ్వలేదు అనే గొడవ లేదు. అందుకే రెండు రకాల ఊళ్లనీ పక్కపక్కన పెట్టి చూడగలిగారు.

బీర్భూమ్ జిల్లాలో ఏం చేశారో చెబుతాను. గ్రామసభలో ఒకాయన ఫిర్యాదు చేస్తాడు, దానికి ప్రధాన్ జవాబు చెబుతారు. ఆ జవాబుని టేపులో ఎక్కించారు. మాటలు అవే, అక్షరం మారలేదు. ఒక టేపులో మగ గొంతు, ఒక టేపులో ఆడ గొంతు. ఊరివాళ్లకి వినిపించి, ఈ ప్రధాన్ ఎంత సమర్థుడు, లేదా ఎంత సమర్థురాలు, మార్కులేయండి అన్నారు. అంతకు ముందు ఎన్నడూ మహిళా ప్రధాన్‌ని చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకి తక్కువ మార్కులేశారు. మాటలు అవే! రిజర్వేషన్ వల్ల ఒకసారైనా మహిళా ప్రధాన్‌ని చూసిన ఊళ్లలో ఆ తేడా దాదాపు పోయింది.

బాగుంది కదా? ఆగండి. అదే ఊళ్లలో ‘మీకు ఆడ నాయకురాలు ఇష్టమా, మగ నాయకుడు ఇష్టమా’ అని అడిగితే మాత్రం మగాళ్ల ఇష్టం ఏమీ మారలేదు. ‘చేయగలదు’ అని ఒప్పుకున్నారు. ‘నచ్చింది’ అనలేదు. ఈ రెండూ వేరు. చాలామంది ఈ రెండిటినీ కలిపేసి, ‘జనం మారారండీ’ అని రాసేస్తారు.

ఇంకోటి ఉంది, నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది. బెంగాల్ బీర్భూమ్‌లోనూ రాజస్థాన్ ఉదయ్‌పూర్‌లోనూ చూస్తే మహిళా ప్రధాన్‌లు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టారని తేలింది. మరికొన్ని రాష్ట్రాల లెక్కలు కూడా తీశారు. మహిళలున్న ఊళ్లలో సదుపాయాలు ఎక్కువ, వాటి నాణ్యత కొలిచి చూస్తే కనీసం మిగతా ఊళ్లంత ఉంది, లంచం ఇచ్చామన్నవాళ్లు తక్కువ. ఇంత చేసినా, ‘మీకు తృప్తిగా ఉందా’ అంటే ఆ ఊళ్లవాళ్లే తక్కువ తృప్తి అన్నారు. పంచాయతీ చేతిలో లేని పనుల మీద కూడా! అంటే ఆవిడకి సంబంధం లేనిదానికి కూడా ఆవిడ ఖాతాలోనే రాశారు. ఇది వార్తలోకి ఎలా వస్తుందో తెలుసా? ‘మహిళా సర్పంచ్ తీరుపై గ్రామస్తుల అసంతృప్తి’. మీరు అబద్ధం రాయలేదు. అసంతృప్తి నిజంగానే ఉంది. బోరు దగ్గరికి వెళ్లి నీళ్లొస్తున్నాయో లేదో చూడకపోవడమే తప్పు.

బీర్భూమ్‌లో మరో లెక్క. మొదటిసారి వచ్చిన మహిళా ప్రధాన్‌లకి మార్కులు తక్కువ పడ్డాయి. రెండోసారి వచ్చినవాళ్లకి పడలేదు. వరసగా రెండుసార్లు రిజర్వేషన్ వచ్చిన ఊళ్లలో, రిజర్వేషన్ పోయాక కూడా ఎక్కువమంది ఆడవాళ్లు నిలబడ్డారు, గెలిచారు. 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం 495 ఊళ్లది. అలా రెండుసార్లు రిజర్వేషన్ వచ్చిన చోట పిల్లల భవిష్యత్తు మీద తల్లిదండ్రులకుండే కోరికల్లో కొడుక్కీ కూతురికీ మధ్య ఉన్న తేడా నాలుగో వంతు తగ్గింది. పిల్లల్లోనైతే 32 శాతం తగ్గింది. మొదటి ఆవిడ తిట్లు తింది, రెండో ఆవిడకి దారి పడింది.

మన దగ్గరే చూడండి. 2009లో సబితా ఇంద్రారెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయినప్పుడు, దేశంలో ఒక రాష్ట్రానికి హోంమంత్రి అయిన తొలి మహిళ అని పత్రికలు రాశాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మేకతోటి సుచరిత, 2022లో తానేటి వనిత, 2024లో వంగలపూడి అనిత. వరసగా ముగ్గురు. ఇప్పుడు ‘మహిళా హోంమంత్రి’ అనే విశేషణం మీద ఎవరికీ ఆశ్చర్యం లేదు. ముఖ్యమంత్రి కుర్చీ వేరే కథ. రెండు రాష్ట్రాల్లోనూ ఇంతవరకు ఒక్క మహిళ కూడా ఎక్కలేదు. తెలంగాణ తొలి మంత్రివర్గంలో, 2014 నుంచి 2018 దాకా, ఒక్క మహిళా మంత్రి కూడా లేరు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో గెలిచిన 543 మందిలో మహిళలు 74 మంది. సరే, అంకెలు మీకు తెలిసినవే, వదిలేద్దాం.

సబితా గారి పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. రాజశేఖరరెడ్డి గారు ఆవిడని ‘చేవెళ్ల చెల్లెమ్మ’ అనేవారు. అది అలాగే స్థిరపడిపోయింది. ఇటు చూస్తే జయలలిత ‘అమ్మ’, మమత ‘దీదీ’, మాయావతి ‘బెహన్‌జీ’. ఆప్యాయంగా ఉంటుంది, నాకూ చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. ఒక ఆడమనిషికి ఇంత అధికారం ఎందుకు అనే ప్రశ్నకి జనం తమకి తాము చెప్పుకునే సమాధానం అది. అమ్మ అడగదు, పెడుతుంది. అక్క తనకోసం కోరుకోదు, తమ్ముళ్ల కోసం కోరుకుంటుంది. కోరికని చుట్టరికంలో చుట్టి ఇస్తే పుచ్చుకుంటాం. మగ నాయకులకీ ‘అన్న’ ఉంది కదా అంటారు, ఉంది. ఎన్టీఆర్ ‘అన్నగారు’. తేడా ఎక్కడంటే, అన్న కాకపోయినా మగవాడికి ‘పెద్దాయన’, ‘సార్’, ‘టైగర్’, ఏదో ఒకటి దొరుకుతుంది. ఆవిడ ఎవరికీ అమ్మా అక్కా కాకపోతే ఏమవుతుంది? మొండిది. మగరాయుడు. గయ్యాళి. ఇందిరాగాంధీని మొదట్లో ‘మూగ బొమ్మ’ అన్నారు. గట్టిగా పాలించేసరికి ‘ఆ కేబినెట్‌లో ఉన్న ఒకే ఒక్క మగాడు’ అన్నారు. బొమ్మ, లేకపోతే మగాడు. మధ్యలో ఒక ఆడమనిషి ఉండే చోటు ఎక్కడుందండీ?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ మనందరికీ వచ్చు. 1923 కాకినాడ కాంగ్రెస్, పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని నెహ్రూ గారినే గుమ్మం దగ్గర ఆపింది. ఎందుకంత ఇష్టం మనకీ కథ? ఆ పిల్ల అప్పగించిన పని చేసింది. తనకంటూ ఏమీ అడగలేదు. అదే దుర్గాబాయి గారు పెద్దయ్యాక రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1952లో లోక్‌సభకి పోటీ చేసి ఓడిపోయారు. ఆవిడ పోటీ చేసిన సంగతి ఈ గదిలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ... రెండు. సరే.

ఇక మన భాష. ఇది మీకు పనికొస్తుంది, రాసుకోండి. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. చిన్నప్పుడు వ్యాకరణంలో మహత్తు, అమహత్తు చదివారు కదా. మగవాళ్లని చెప్పే మాటలు మహత్తు, పశువుల్నీ వస్తువుల్నీ చెప్పేవి అమహత్తు. ఏకవచనంలో స్త్రీ అమహత్తు. పశువులు, వస్తువులు ఉన్న గట్టునే ఆమెనీ కూర్చోబెట్టింది మన క్రియ. విచిత్రం ఏమిటంటే, ఇద్దరు ఆడవాళ్లు కలిసి వస్తే ‘వచ్చారు’. ఒక్కతే ఉంటే అమహత్తు, ఇద్దరు చేరితే మహత్తు! తప్పు వ్యాకరణానిది, మనం ఏం చేస్తాం అనకండి. తెలుగులోనే మందు ఉంది. ‘వచ్చారు’ అనే గౌరవ వాచకం పెట్టగానే ఆయనా ఆమె ఒకే వరసలోకి వస్తారు. అందుకే గౌరవ వాచకం మనకి ఉత్త మర్యాద కాదు. చాలా పత్రికలు ప్రధాన వార్తల్లో ఇది పాటిస్తాయి. జారిపోయేది ఎక్కడంటే, లోపలి పేజీలో తెర వెనక కబుర్ల శీర్షికల్లో. అక్కడ ఆయన ‘చక్రం తిప్పారు’, ఆమె ‘చక్కబెట్టేసింది’. మీ కాపీలో ఇంకేం చూసుకోకపోయినా ఈ క్రియల చివరలు చూసుకోండి.

ఇప్పుడు ఊళ్లోకి వెళదాం. సర్పంచ్ భర్త. మండల విలేకరులు నవ్వుతున్నారు, ఎందుకో నాకు తెలుసు. మీ ఫోన్లు తీయండి. మహిళా సర్పంచ్‌ల పేర్లు వెతకండి. ‘ఫలానా ఊరి సర్పంచ్’ అని సేవ్ చేసుకున్న నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? ఆయన. మనకి త్వరగా వార్త కావాలి, ఆయన త్వరగా చెబుతాడు. వార్తలో ఏం రాస్తాం? ‘సర్పంచ్ తెలిపారు’. ఆవిడ తెలపలేదండీ. ఆవిడకి ఆ సంగతి మర్నాడు పేపర్లో తెలుస్తుంది. తర్వాత మనమే ‘భర్తల చాటు పాలన’ అని ప్రత్యేక కథనం రాస్తాం. ఆ చాటు కట్టడంలో మన కర్ర ఒకటి ఉంది.

ఈ చాటు కొత్తది కాదు. మన మొదటి సాధారణ ఎన్నికలకి ఓటర్ల జాబితా రాస్తున్నప్పుడు, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యని, ఫలానా వాడి తల్లిని అన్నారు. పేరు లేకపోతే కుదరదన్నారు ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్. దాదాపు 28 లక్షల పేర్లు జాబితా నుంచి పోయాయి. కటువుగా అనిపిస్తుంది కదా? కానీ తర్వాతి ఎన్నికలకి వాళ్లలో చాలామంది పేర్లు చెప్పారు.

మనం చేయాల్సింది అంత కటువు కూడా కాదు. మొదటిది, ఆవిడ సొంత నంబరు. కార్యాలయంలో ఇచ్చే జాబితాలో ఉన్నది ఆయనది కావచ్చు, అందుకని ఆవిడనే అడిగి తీసుకోండి. ఆయన ఎత్తితే ‘అన్నా, ఒకసారి అమ్మగారికి ఇవ్వండి’ అనండి. ఇవ్వకపోతే ఓ అరగంట ఆగి మళ్లీ చేయండి. మూడుసార్లూ ఆయనే మాట్లాడితే, అప్పుడు ఆయన మాటే రాయండి, కానీ ‘సర్పంచ్ భర్త ఫలానా చెప్పారు’ అని ఉన్నదున్నట్టు రాయండి. ఇలా రెండు వార్తలు వస్తే మూడోసారి ఆవిడే ఎత్తుతారు. ఆయనకే ఇబ్బంది అవుతుంది.

రెండోది, ఫోటో. రోడ్డు ప్రారంభం అనుకోండి. రిబ్బన్ మధ్యలో ఎమ్మెల్యే, పక్కన భర్త, చివరన ఆవిడ సగం చెయ్యి. పేజీలో చోటు చాలక అంచు కోస్తే ఆ సగం చెయ్యి కూడా పోతుంది. ఫోటో తీసే ముందే ‘సర్పంచ్ గారూ, మధ్యలోకి రండమ్మా’ అని పిలవడానికి రెండు సెకన్లు పడుతుంది. మూడోది గ్రామసభ. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో వాచీ చూసి రాసుకోండి, తీర్మానాల పుస్తకంలో సంతకం ఎవరిదో చూడండి. తెలంగాణలో 2018లో వచ్చిన పంచాయతీ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలని పెట్టింది. ఉపసర్పంచ్ సంతకం పెట్టక బిల్లు ఆగితే అది ఆయన వార్త. ‘మహిళా సర్పంచ్ చేతకానితనం’ కాదు.

ఇందులో బెడిసికొట్టే దారి ఒకటుంది, అది కూడా చెప్పాలి. కొందరు ఇదంతా విని ఆవిడని ‘ఆదిపరాశక్తి’, ‘వీరనారి’ అని ఎత్తేస్తారు. వద్దు. దేవతని చేస్తే మొదటి తప్పుకే దేవత కిందపడుతుంది. ఇంకొందరు ఆడవాళ్లని విమర్శించడమే మానేస్తారు. అదీ వద్దు. పని చేయని మహిళా చైర్‌పర్సన్ ఉంటే ఉతికి ఆరేయండి, పని మీద. ఏ పని, ఎంత డబ్బు, ఏ తేదీ. అదే తప్పు చేసిన పక్క మండలం మగాయనకి ఎన్ని లైన్లు రాశారో, ఈవిడకీ అన్నే లైన్లు.

ఇప్పుడు మీ ముందున్న కాగితం తిరగేయండి. ఇది నేను కట్టిన వార్త, ఏ పత్రికదీ కాదు. చదువుతాను. ‘భర్త అడుగుజాడల్లో రాజకీయాల్లోకి వచ్చిన ఆమె ఈసారి జెడ్పీ పీఠంపై కన్నేశారు. టికెట్ దక్కకపోవడంతో అలకబూనారు. నేత చీరలో, చెదరని చిరునవ్వుతో విలేకరుల ముందుకొచ్చిన ఈ ఇద్దరు పిల్లల తల్లి కార్యకర్తల నిర్ణయమే తన నిర్ణయమన్నారు.’ మూడే వాక్యాలు.

‘ఆమె’ ఉన్న చోట మగ పేరు పెట్టి పైకి చదవండి. ‘నేత చొక్కాలో, చెదరని చిరునవ్వుతో విలేకరుల ముందుకొచ్చిన ఈ ఇద్దరు పిల్లల తండ్రి’... నవ్వు వచ్చింది కదా, నవ్వు వచ్చిన మాట కొట్టేయండి. ‘భర్త అడుగుజాడల్లో’ తీసేసి, ఎన్నిసార్లు ఎంపీటీసీగా చేశారో రాయండి. ‘కన్నేశారు’ తీసి ‘పోటీకి సిద్ధమని ప్రకటించారు’, ఎప్పుడు, ఎక్కడ. ‘అలకబూనారు’ అంటే ఏం చేశారు? సమావేశానికి వెళ్లలేదా, లేఖ ఇచ్చారా, ఫోన్ ఆపేశారా? అది రాయండి. చివరి మాట, ‘కార్యకర్తల నిర్ణయమే తన నిర్ణయం’. దాన్ని కొట్టేయకండి, అది ఆవిడ అన్నది. కానీ ఒక ప్రశ్న వేసి రండి. ‘అమ్మా, మీకేం కావాలి?’ అని నేరుగా అడగండి. ఏం చెబితే అది, ఆవిడ మాటల్లోనే.

పది నిమిషాలు తీసుకోండి. తిరగరాసిన కాగితం మీద మీ పేరు వేయొద్దు, పక్కవాళ్లతో మార్చుకుని చదువుదాం. అబ్బాయ్, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు, కాగితాలు ఎగిరిపోతున్నాయి.